చేపల వేటకు వెంట వచ్చే కుక్కను ఎంచుకోవడం: మొదటి ఆలోచన నుంచి తొలి గాలం దాకా

"చేపల వేటకు తీసుకెళ్లడానికి ఏ జాతి కుక్క మంచిది?" అని అడిగేవారిని నేను ముందుగా అడిగేది ఒక్కటే: అక్కడ మీ కుక్క ఎంతసేపు ఊరికే కూర్చోవాలి? గాలం వేసిన మనిషి పక్కన కుక్కకు చేయడానికి పనేమీ ఉండదు. ఆ పనిలేనితనాన్ని భరించగల కుక్కే మీకు కావాలి.

నీళ్లంటే పడిచచ్చే కుక్కను ఏరికోరి తెచ్చుకుని, అది ప్రతి ఐదు నిమిషాలకూ నీళ్లలో దూకి చేపలన్నింటినీ చెదరగొడుతుంటే తల పట్టుకునేవారు చాలామంది. ఈత తర్వాత నేర్పవచ్చు. నిదానం లేని కుక్కకు నిదానం నేర్పడం మాత్రం ఏళ్ల తరబడి సాగే పని. కింది అంశాలను ఇదే వరుసలో పాటించండి. ముందు కుక్క మీద మనసు పడి, ఆ తర్వాత ఇవన్నీ చూడబోతే అప్పటికే ఆలస్యమైపోతుంది.

1. ముందు మీ వేట గురించి రాసుకోండి

కుక్కపిల్లల ఫొటోలు చూడకముందే ఒక కాగితం తీసుకుని వీటికి జవాబులు రాయండి.

- వేట ఒడ్డు నుంచా, నీళ్లలో దిగి నిలబడా, పడవలోనా, కయాక్‌లోనా (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ)?
- ఒక్కసారి వెళితే ఎన్ని గంటలు? అందులో నీడ లేని సమయం ఎంత?
- నీళ్లు నిలకడగా ఉంటాయా, ప్రవాహమా, అలలా?
- ఎర ఏది? వానపాము, చేపముక్క, పిండి వంటి వాసన ఉన్న ఎరా, కృత్రిమ ఎరా?
- ఒడ్డున పక్కన వేరేవాళ్లు ఉంటారా?
- అక్కడ కుక్కలకు అనుమతి ఉందా? పక్షులు గూళ్లు కట్టే కాలంలో నిషేధం ఉందా?
- ఆ నీళ్లలో మొసళ్లు ఉన్నాయా? ఉంటే కుక్కను తీసుకెళ్లే ఆలోచన అక్కడితో మానుకోండి.

వీటిలో జనం పట్టించుకోనిది ఎర గురించిన ప్రశ్న. వాసన ఉన్న ఎర వాడేవారికి తిండిపోతు కుక్క ప్రమాదం. కొక్కేనికి గుచ్చిన చేపముక్కను కొక్కెంతో సహా మింగేయడానికి దానికి రెండు క్షణాలు చాలు. మూడు కొనల కొక్కేలు వేలాడే కృత్రిమ ఎరలు వాడేవారికి ఇబ్బంది వేరు: కదిలే వస్తువు కనబడగానే వెంటపడే కుక్క గాలిలో ఎగిరే ఎర మీదికి దూకుతుంది. అంటే మీ పెట్టెలో ఏముందో దాన్నిబట్టి, మీరు ఏ గుణానికి దూరంగా ఉండాలో తెలిసిపోతుంది.

2. స్వభావంలో వెతకవలసినవి

ప్రాధాన్యం ప్రకారం చెబుతున్నాను.

మొదటిది, ఉద్రేకం నుంచి తేరుకునే వేగం. ఉత్సాహపడని కుక్క ఉండదు, ఉండనక్కరలేదు. చేప పడినప్పుడు లేచి తోక ఊపడం తప్పు కాదు. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ కింద పడుకోగలదా అన్నదే చూడాలి.

రెండోది, మనిషి వైపు చూసే అలవాటు. కొత్త శబ్దం వినబడగానే అటు పరుగెత్తే కుక్క ఒక రకం, ఒకసారి అటు చూసి వెంటనే యజమాని ముఖం చూసే కుక్క మరో రకం. రెండోది దొరికితే శిక్షణ సగం పూర్తయినట్లే.

మూడోది, తక్కువ మొరగడం. నీళ్ల మీద శబ్దం చాలా దూరం పోతుంది. మీ కుక్క మొరుగుడు అవతలి ఒడ్డువారికి కూడా వినబడుతుంది.

నాలుగోది, కొత్త మనుషులతో, ఇతర కుక్కలతో తగవు పెట్టుకోకపోవడం.

నీళ్లంటే ఇష్టం ఐదోది. భయం లేకపోతే చాలు.

3. శరీరం: ఏది సరిపోతుంది, ఏది సరిపోదు

బరువు. కయాక్ లేదా చిన్న పడవ అయితే ఒకటే లెక్క: తడిసి, లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్న కుక్కను నీళ్లలో నుంచి మీరు ఒక్కరే పైకి లాగగలగాలి. లాగలేని కుక్క ఎంత ముద్దొచ్చినా ఆ పడవకు పనికిరాదు. ఒడ్డు వేటకు ఈ పరిమితి లేదు.

ముక్కు. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముఖం జాతులను ఈ పనికి తీసుకోకండి. కుక్కలు ఒళ్లు చల్లబరచుకునేది ప్రధానంగా రొప్పడం ద్వారానే. వాటి పొట్టి ముక్కు, ఇరుకైన గాలి దారులు అందుకు సహకరించవు. బరువైన తల వల్ల నీళ్లలో తేలడమూ వాటికి కష్టమే.

కాళ్లు. డాక్స్‌హండ్, బాసెట్ హౌండ్ వంటి పొట్టికాళ్ల కుక్కలు రాళ్ల ఒడ్డున, బురదలో త్వరగా అలసిపోతాయి. ఎత్తు నుంచి దూకితే వెన్నుకు దెబ్బ తగిలే ప్రమాదం డాక్స్‌హండ్‌కు మరీ ఎక్కువ.

బొచ్చు. రెండు పొరల దట్టమైన బొచ్చు చల్లని నీళ్లలో రక్ష, మండే ఎండలో భారం. పొడవాటి వెంట్రుకల్లో నైలాన్ దారం, ముళ్లు, కొక్కేలు చిక్కుకుంటాయని కూడా గుర్తుంచుకోండి. పొట్టి లేదా మధ్యస్థ బొచ్చు ఎక్కువ చోట్ల నయం.

చెవులు. వేలాడే చెవులు ఉంటే తీసుకోవద్దని కాదు. కాని తడిసిన ప్రతిసారీ ఆరబెట్టే ఓపిక మీకుండాలి, లేకపోతే చెవిలో చీము పట్టడం మామూలైపోతుంది.

రంగు. ముదురు రంగు కుక్క ఎండలో త్వరగా వేడెక్కుతుంది. తెల్లబొచ్చు, గులాబీ రంగు ముక్కు ఉన్నదాని చర్మం ఎండకు కమిలిపోతుంది.

4. జాతుల విషయం

లాబ్రడార్: నీళ్లలో దిట్ట, మనుషులతో మంచిది, నేర్చుకునే తెలివి ఉంది. లోపం తిండి ఆశ. లాబ్రడార్లలో వేటపోటీల (కూల్చిన పక్షులను తెచ్చి ఇచ్చే కుక్కల పోటీలు) కోసం పెంచిన వంశాలు, ప్రదర్శనల కోసం పెంచిన వంశాలు వేరువేరుగా ఉంటాయి. వేటపోటీల వంశం అంటే గొప్ప అనుకుని ఎగబడతారు గాని, ఆ కుక్కలకు రోజంతా పరుగు కావాలి. గాలం పక్కన కూర్చోవడానికి రెండో రకమే ఎక్కువగా నప్పుతుంది.

గోల్డెన్ రిట్రీవర్: మెత్తని స్వభావం. పొడవాటి బొచ్చును దువ్వే శ్రద్ధ ఉండాలి.

పోర్చుగీస్ వాటర్ డాగ్: సుమారు 16 నుంచి 27 కిలోల బరువు, అలుపెరగని ఈత, చాలా చురుకు. కుక్కల పెంపకం కొత్తవారికి ఇది బరువైన బాధ్యత.

న్యూఫౌండ్‌లాండ్: ఎంతో శాంతమైన కుక్క, కాని 45 కిలోలు దాటి 70 దాకా పెరుగుతుంది. చొంగ కారుస్తుంది, వేడి తట్టుకోదు. చల్లని ప్రాంతం, పెద్ద పడవ ఉన్నవారికే.

బాయ్‌కిన్ స్పానియల్, కాకర్ స్పానియల్: చిన్న పడవలకు తగిన బరువు. పక్షి ఎగిరితే వెంటపడే గుణం ఉంటుంది, దాన్ని అదుపులో పెట్టాలి.

స్టాండర్డ్ పూడిల్: చూడటానికి సుకుమారంగా కనిపించినా నీటి పనికి పుట్టిన కుక్క. తెలివి ఎక్కువ, వెంట్రుకలు రాలడం తక్కువ. పొట్టిగా కత్తిరించి ఉంచాలి.

జాక్ రస్సెల్ వంటి టెర్రియర్లు బరువు రీత్యా కయాక్‌కు సరిపోయినా కుదురుగా ఉండేవి అరుదు.

ఇక మేలుజాతి కాని కలగలుపు కుక్కలు. మధ్యస్థ శరీరం, పొట్టి బొచ్చు, సరైన ముక్కు ఉన్నవి వీటిలో ఎన్నో దొరుకుతాయి. స్వభావం నచ్చిన ఇలాంటి కుక్క ఒకటి కనిపిస్తే నేను జాతి కాగితాల కోసం ఆగమని చెప్పను. ఏ జాతిలోనైనా నిదానమైనవీ, నిప్పుల మీద నిలబడ్డట్లు ఎగిరేవీ రెండూ ఉంటాయి.

5. పిల్లా, పెద్దదా?

తొలిసారి కుక్కను పెంచేవారికి, త్వరలో వేటకు వెళ్లాలనుకునేవారికి రెండు మూడేళ్ల కుక్క మేలు. స్వభావం అప్పటికే స్థిరపడి, కళ్లెదుట కనిపిస్తుంది. చిన్న కుక్కపిల్లల మీద చేసే పరీక్షలు అవి పెద్దయ్యాక ఎలా ఉంటాయో నమ్మకంగా చెప్పలేవు.

పిల్లనే కావాలంటే దాని తల్లిని తప్పకుండా చూడండి. కొత్తవాళ్లు రాగానే తల్లి వణుకుతూ మూలకు పోయినా, ఆగకుండా మొరిగినా ఆ తల్లి పిల్లలను వదిలేయండి. ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి వేరు చేసిన పిల్లను తీసుకోకండి. పెద్ద జాతుల్లో ఎముకల ఎదుగుదల పూర్తవడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. అప్పటిదాకా పడవ అంచు నుంచి, ఎత్తైన రాళ్ల మీద నుంచి దూకనివ్వకూడదు.

6. చూడటానికి వెళ్లినప్పుడు చేయవలసిన పరీక్షలు

ఈ భాగానికి మిగతా అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. కనీసం రెండుసార్లు, వేరువేరు వేళల్లో వెళ్లండి. గాలం దారం చుట్టే ఒక పాత రీలు, కొక్కెం తీసేసిన ఒక ఎర, మడత కుర్చీ పట్టుకెళ్లండి.

*కూర్చునే పరీక్ష.* కుక్కను తాడుతో పట్టుకుని కుర్చీలో కూర్చోండి. మాట్లాడకండి, నిమరకండి, ఫోను చూసుకోండి. కుక్క మొదట చుట్టూ వాసన చూస్తుంది, తాడు లాగుతుంది, మీ మోకాలి మీద కాలు వేస్తుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో నిట్టూర్చి పడుకుంటే చాలా మంచి గుర్తు. అరగంట దాటినా మూలుగుతూ, తాడు కొరుకుతూ ఉంటే ఆలోచించండి. ఆ రోజు దానికి నడక దొరికిందో లేదో కూడా అడగండి. రోజంతా బోనులో ఉన్న కుక్కను ఈ ఒక్క పరీక్షతో తోసిపుచ్చడం న్యాయం కాదు, మరోసారి నడిపించాక చూడండి.

*రీలు పరీక్ష.* కుక్క పడుకున్నాక, నాలుగు అడుగుల దూరంలో రీలు నుంచి దారం సర్రున లాగండి. చెవులు ముందుకు వస్తాయి, ముందరి పాదం ఒకటి నేల మీద నుంచి కొద్దిగా లేస్తుంది. ఆ క్షణంలో జాగ్రత్తగా చూడండి. పాదం అలాగే గాలిలో ఉంచి మీ ముఖం చూస్తే మీ వెతుకులాట దాదాపు ముగిసినట్లే. రీలు మీదికి ఉరికితే శిక్షణ చాలా కావాలి. తోక ముడిచి వెనక్కి పాకి, తర్వాత ఎంత పిలిచినా దగ్గరికి రాకపోతే శబ్దభయం ఉందని అర్థం.

*ఎర పరీక్ష.* కొక్కెం లేని ఎరను నేల మీద కుదుపుతూ లాగండి. వెంటపడటం సహజమే. తాడు బిగించి పేరుతో పిలిచినప్పుడు ఎర మీది చూపు తిప్పుకుంటుందా? ఒక్క క్షణమైనా చాలు.

*తిండి పరీక్ష.* మూసిన పిడికిలిలో తినుబండారం పెట్టి చూపండి. గీకి, కొరికి, చివరకు ఆగి వెనక్కి జరిగే కుక్కకు "వదులు" అన్న ఆజ్ఞ త్వరగా ఎక్కుతుంది. ఆగనే ఆగని కుక్కను వాసన ఎర వాడేవారు తీసుకోవద్దు.

*నీటి పరీక్ష.* వీలైతే వాలుగా ఉన్న లోతులేని ఒడ్డుకు తీసుకెళ్లండి. ముందు మీరు దిగండి, దాన్ని లాగకండి. పాదాలు తడుపుకుని మీ వెంట నాలుగడుగులు వస్తే సరిపోతుంది. నీళ్లు చూడగానే పిచ్చిగా అరుస్తూ దూకే కుక్కను చూసి మురిసిపోకండి.

*తాకే పరీక్ష.* పాదాల వేళ్ల మధ్య, పెదవుల లోపల, చెవుల్లో వేలు పెట్టి చూడండి. రేపు కొక్కెం గుచ్చుకునేది సరిగ్గా ఆ చోట్లలోనే. చేయి పెట్టనివ్వని కుక్కకు సాయం చేయడం కష్టం.

7. ఖాయం చేసుకునే ముందు ఆరోగ్యం

పశువైద్యునికి చూపించకుండా ఒప్పుకోకండి. అడగవలసినవి:

- తుంటి, మోచేతి కీళ్ల స్థితి. లాబ్రడార్, గోల్డెన్ వంటివాటిలో తల్లిదండ్రుల ఎక్స్‌రే ఫలితాలు
- గుండె, శ్వాస, బరువు
- చెవుల్లో పాత ఇన్ఫెక్షన్లు
- రేబిస్ సహా ప్రాథమిక టీకాలు
- లెప్టోస్పైరోసిస్ టీకా

ఆ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. లెప్టోస్పైరోసిస్ ఎలుకల వంటి జంతువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద ద్వారా కుక్కకు సోకుతుంది, మనుషులకూ రావచ్చు. మొదట రెండు మోతాదులు, ఆ తర్వాత ఏటా ఒకటి వేయిస్తారు. నీటి ఒడ్డున తిరిగే కుక్కకు దీన్ని ఐచ్ఛికం అనుకోవద్దు.

8. వేటకు ముందు ఇంట్లో నేర్పవలసిన వరుస

ఎ) చాప. చిన్న చాపో గోనెపట్టో కుక్క చోటుగా అలవాటు చేయండి. మొదట ఒక నిమిషం, తర్వాత ఐదు, చివరకు గంట. ఈ చాపే వేటకూ వెంట వస్తుంది. కొత్త ఒడ్డున కూడా దాని మీద కుక్క స్థిమితపడుతుంది.

బి) "వదులు". ముందు తినుబండారంతో, తర్వాత బొమ్మతో, తర్వాత కొక్కెం లేని ఎరతో, చివరకు చచ్చిన చేపతో.

సి) "రా". పొడవాటి తాడుతో మొదలుపెట్టి, ఎదురుగా మరో కుక్క ఉన్నా వచ్చేదాకా సాధన చేయించండి.

డి) గాలం కర్ర ఊపు. పెరట్లో చాప వేసి, కొక్కెం లేకుండా కేవలం సీసం గుండుతో గాలం విసరండి. కుడిచేత్తో విసిరేవారైతే చాప మీ ఎడమ పక్కన ఉండాలి. వెనక వైపు ఎప్పుడూ వద్దు, కర్ర వెనక్కి వెళ్లినప్పుడు కొక్కెం తిరిగేది అక్కడే.

ఇ) లైఫ్ జాకెట్. వీపు మీద గట్టి పిడి, మెరిసే రంగు ఉన్నది కొనండి. ఇంట్లో వేసి తిండి పెట్టండి, నడిపించండి. పిడితో ఎత్తడం నేల మీదే అలవాటు చేయండి.

ఈ ఐదూ రాకుండా ఒడ్డుకు వెళ్లడం తొందరపాటే.

9. తొలి ప్రయాణం

మొదటిసారి కర్ర తీసుకెళ్లకండి. గంటసేపు ఒడ్డున చాప మీద కూర్చోబెట్టి, తిరిగి వచ్చేయండి. రెండోసారి ఒక్క కర్ర, ముల్లు (కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న మొన) నొక్కేసిన ఒకే కొన కొక్కెం. అసలు వేట మూడోసారి మొదలవుతుంది. బయలుదేరే ముందు నడిపించండి, అలసిన కుక్క త్వరగా కుదురుకుంటుంది.

సంచిలో ఉండవలసినవి:

- మంచినీళ్లు, గిన్నె (ఎండలో మామూలుకంటే బాగా ఎక్కువ)
- నీడకు గుడ్డ లేదా గొడుగు
- చాప, లైఫ్ జాకెట్, తాడు
- కొక్కెం కొన కత్తిరించగల గట్టి కటింగ్ ప్లయర్
- మూతికి కట్టడానికి మెత్తని పట్టీ, గాజుగుడ్డ
- తువ్వాలు, పిడుదులు తీసే చిమటా
- దగ్గరలోని పశువైద్యశాల ఫోను నంబరు
- మూత గట్టిగా బిగిసే ఎర డబ్బా

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

కుక్కను పడవకు కట్టేయడం. పడవ ఒరిగితే తాడే ఉరితాడవుతుంది. పడవలో తాడు వద్దు, జాకెట్ ఉండాలి. ప్రవాహంలో దిగే కుక్కకు పొడవాటి తాడు కట్టడం కూడా ఇంతే ప్రమాదం.

చేప పడగానే కుక్కకు చూపించి ఉసిగొల్పడం. సరదాగా మొదలై, ప్రతి చేపకూ దూకే అలవాటుగా మారుతుంది. చేప పడినప్పుడల్లా చాప మీద ఉన్నందుకు తినుబండారం ఇవ్వండి. చేపకూ తనకూ సంబంధం లేదని, చాపకూ తిండికీ ఉందని కుక్కకు అర్థం కావాలి.

పచ్చి చేప వేయడం. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు సాల్మన్, ట్రౌట్ చేపల్లోని పరాన్నజీవి ద్వారా సోకే జబ్బు చికిత్స అందకపోతే కుక్క ప్రాణం తీస్తుంది. ఒళ్లు ఉబ్బించుకునే పఫర్ చేప విషం. జెల్ల జాతి చేపల రెక్కముళ్లు నోట్లో దిగుతాయి. ఎక్కడైనా సరే, పచ్చి చేప వద్దు.

నాచు పట్టించుకోకపోవడం. నీటి మీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్లు తెట్టు కడితే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. దాని విషం గంటల్లో చంపగలదు. విషమున్నదేదో లేనిదేదో కంటితో చెప్పలేం. ఆ నీళ్లు తాకనివ్వకండి. తాకితే ఒళ్లు నాక్కునేలోపు మంచినీళ్లతో కడిగి వైద్యుని దగ్గరికి వెళ్లండి.

దాహానికి సముద్రపు నీళ్లు తాగనివ్వడం. ఉప్పు ఎక్కువై వాంతులు, మూర్ఛలు రావచ్చు. అరగంటకోసారి మీరే మంచినీళ్లు పట్టండి.

తెగిన దారం, సీసం గుండ్లు నేల మీద పడేయడం. ఎవరివైనా సరే, చాప వేసే ముందు చుట్టూ పది అడుగులు ఏరేయండి.

11. అనుకోనిది జరిగితే

కొక్కెం చర్మంలో దిగితే: కుక్కను కదలకుండా పట్టుకుని, వెంటనే దారం కోసేయండి. అది అటూఇటూ పరుగెత్తితే గాయం పెద్దదవుతుంది. వెనక్కి లాగకండి, ముల్లు మాంసాన్ని చీలుస్తుంది. కొన అప్పటికే బయటికి వచ్చి, కుక్క శాంతంగా ఉంటే ముల్లు ఉన్న కొనను ప్లయర్‌తో కత్తిరించి మిగతాది వెనక్కి తీయవచ్చు. కన్ను, నోటి లోపల, లోతైన చోటు అయితే వైద్యునికే వదిలేయండి. బాధలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది, ముందు మూతికి పట్టీ కట్టండి.

కొక్కెం మింగితే: నోటి నుంచి వేలాడే దారం లాగకండి, పొట్టిగా కోయకండి. కనీసం ఒక మూర పొడవు ఉంచి మెడపట్టీకి వదులుగా కట్టండి. వాంతి చేయించకండి, తిండి పెట్టకండి. నేరుగా వైద్యశాలకు వెళ్లండి. ఆ దారం వైద్యునికి పనికొస్తుంది.

ఎండదెబ్బ తగిలితే: కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. ఆగకుండా రొప్పడం, చిక్కని చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, తూలుతూ నడవడం గమనిస్తే ముందు చల్లబరచడం, వైద్యుని దగ్గరికి ప్రయాణం ఆ తర్వాతే. నీడలోకి తెచ్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ విసరండి. ముక్కు, నోరు నీళ్లకు పైనే ఉండాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే నిలిచిపోతుంది. రొప్పడం తగ్గుముఖం పట్టాక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. తేరుకున్నట్లు కనిపించినా చూపించి తీరాలి, లోపలి అవయవాలకు జరిగిన హాని తర్వాత బయటపడుతుంది.

ఈతకెళ్లిన మర్నాడు తోక వేలాడేసి నొప్పితో మూలిగితే భయపడకండి. చల్లని నీళ్లలో అతిగా ఈదిన కుక్కల్లో ఇది కనిపిస్తుంది. సాధారణంగా కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గుతుంది. నొప్పి మరీ ఎక్కువైతే చూపించండి.

12. నాలుగైదు నెలలు సాధన చేయించినా కుదరకపోతే

కొన్ని కుక్కలకు ఈ పని నప్పదు. చాప మీద నిలవలేక వణుకుతూ, మూలుగుతూ గడిపే కుక్కను ప్రతి వారం ఒడ్డుకు లాక్కెళ్లడం దానికి శిక్ష. అలాంటిదాన్ని వేట రోజు ఇంట్లోనే ఉంచి, ఉదయం బయలుదేరే ముందు గంటసేపు నడిపించండి. సాయంత్రం తిరిగి వచ్చాక, కొక్కేలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి, చేతులు చేపవాసన పోయేలా కడుక్కుని, అప్పుడు దాని దగ్గరికి వెళ్లండి.